వారంటీ అయిపోతే వస్తువు ఆయుష్షు తీరినట్టేనా?

మన ఇళ్లల్లో సీలింగ్ ఫ్యాన్లు 20 ఏళ్లయినా తిరుగుతూనే ఉంటాయి. వేగం తగ్గితే కండెన్సర్ మారుస్తాం, కాలిపోతే వైండింగ్ చేయిస్తాం. గ్రైండర్ బెల్టు తెగితే బెల్టు కొంటాం. గాస్కెట్ సాగిపోయిందని కుక్కర్ పారేసే ఇల్లాలు ఎక్కడైనా ఉందా? మరి 30, 40 వేలు పోసి కొన్న కంప్యూటర్ మానిటర్ వారంటీ దాటిన రెండు నెలలకే నల్లబడిపోతే, "ఇక కొత్తది తీసుకోండి మేడమ్" అన్న మాటకి మనం ఎందుకు తలూపి వచ్చేస్తున్నాం?

కంప్యూటర్ సంగతి మగవాళ్లు చూసుకుంటారులే అనుకునే రోజులు పోయాయి. ఆన్‌లైన్లో ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఇంట్లోంచే ఆఫీసు పని చేసేవాళ్లు, దుకాణాల లెక్కలు రాసేవాళ్లు, డిజైన్లు వేసేవాళ్లు మనలోనే ఎంతమంది! కథలు రాసుకునే నాబోటి వాళ్లకీ ఇప్పుడు కాగితం, కలం రెండూ ఆ తెరే. తెర ఆరిపోతే పని ఆగుతుంది. పని ఆగితే నెలాఖరున చేతికొచ్చే నాలుగు డబ్బులూ ఆగుతాయి.

మా ఎదురింటి అమ్మాయి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఫొటోగ్రాఫర్లు ఫొటోలు పంపిస్తారు, ఈమె పేజీలు కూర్చి ఇస్తుంది. పెళ్లికూతురి చీర రంగు తెర మీద ఒకలా, అచ్చులో మరొకలా వస్తే ఎవరు ఊరుకుంటారు? అందుకని రంగులు కచ్చితంగా చూపించే మానిటర్‌ని 38 వేలకి వాయిదాల మీద కొనుక్కుంది. 3 ఏళ్ల వారంటీ. అది దాటిన ఏడో వారంలో, మాఘమాసం పెళ్లిళ్ల పని నెత్తి మీదున్నప్పుడు, తెర చీకటైపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసి, "ప్యానెల్ పోయింది. 26 వేలవుతుంది. దానికంటే కొత్తదే నయం" అన్నారట. ఆ మాటే కాగితం మీద రాసిమ్మంటే మాత్రం ఇవ్వలేదు.

ఇంట్లో అత్తగారు, "అంత ఖరీదుది ఎందుకని నేను అప్పుడే అన్నానా?" అంటూ మొదలుపెట్టారు. కొడుకు బండి షెడ్డుకెళ్తే ఆ మాట రాదు. అది అవసరం కదా! ఆడదాని పనిముట్టు పాడైతే మాత్రం దుబారా అయిపోతుంది.

చివరికి ఊళ్లో టీవీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మానిటర్ ఆన్ చేసి, తెర మీదకి టార్చి లైటు ఏటవాలుగా వేసి చూపించాడు. బొమ్మ మసగ్గా కనిపిస్తూనే ఉంది. "ప్యానెల్ బాగానే ఉందమ్మా, వెనకనుంచి వెలుగు రావడంలేదంతే" అన్నాడు. విప్పి చూస్తే పవర్ బోర్డులో రెండు కండెన్సర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. మార్చడానికి 900 తీసుకున్నాడు.

అందరి మానిటర్లూ 900 రూపాయలతో బాగైపోతాయని నేననను. తెర పగిలినా, ప్యానెల్ చెడి నిలువు గీతలు పడినా ఖర్చు ఎక్కువే. మానిటర్ ధరలో పెద్ద వాటా ప్యానెల్‌దే కదా. కానీ ఏం పోయిందో తెలుసుకోకుండా పారేయడం మాత్రం తగదంటాను.

లోపల సంగతి మనకి తెలియనంత బ్రహ్మవిద్యేమీ కాదు. పవర్ బోర్డులో ఉండే చాలా కండెన్సర్లలో ఒక రసాయన ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. ఉజ్జాయింపుగా వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి తగ్గుతుందని చెబుతారు. మన మే నెల ఎండల్లో, గోడకి ఆనించి, వెనక గాలి రంధ్రాలు మూసేసి పెట్టిన మానిటర్ ఎన్నాళ్లు మన్నుతుందో మీరే ఆలోచించండి. రాత్రిళ్లు స్విచ్ కట్టేయడం, తెర వెలుతురు అవసరమైనంతే పెట్టుకోవడం, కరెంటు హెచ్చుతగ్గులున్న ఊళ్లో స్టెబిలైజరో, యూపీఎస్సో వాడడం వల్ల ఆ ఆయుష్షు పెరుగుతుంది.

పాడైనప్పుడు ముందు కేబుల్ మార్చి చూడండి. వేరే కంప్యూటర్‌కి తగిలించి చూడండి. చిన్న లైటు కూడా వెలగకపోతే, బయట అడాప్టర్ ఉన్న మోడల్ అయితే తప్పు అడాప్టర్‌దే కావచ్చు. లైటు వెలిగి తెర నల్లగా ఉంటే ఆ టార్చి పరీక్ష చేయండి. వెనక మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది, షాక్ కొడుతుంది. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి.

ఇక చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. వారంటీ తేదీ దాటిన క్షణాన మన హక్కులన్నీ ఆవిరైపోతాయని అందులో ఎక్కడా లేదు. తయారీలోనే లోపముంటే, అది ఆలస్యంగా బయటపడినా అడగవచ్చు. అయితే గెలవడం తేలికని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. లోపం మన వాడకం వల్ల వచ్చింది కాదని చూపించాలి. అవసరమైతే కమిషన్ వస్తువుని ప్రయోగశాలకి పంపి పరీక్ష చేయించగలదు. అందుకే బిల్లు, వారంటీ కార్డు, సర్వీస్ సెంటర్ జాబ్‌షీటు దాచుకోవాలి. ఏం పోయిందో, ఎంతవుతుందో రాసివ్వమని గట్టిగా అడగాలి.

ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. పలక్కపోతే 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఎక్కడున్నా, మనం కాపురముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి.

అసలు జాగ్రత్త కొనేటప్పుడే మొదలవుతుంది. చీర కొనేముందు అంచు తిరగేసి, పోగు లాగి చూస్తాం. మానిటర్ దగ్గరికొచ్చేసరికి అంగుళాలు, ధర, డిస్కౌంట్ తప్ప ఏమీ అడగం. వారంటీలో ప్యానెల్ కూడా ఉందా? మన ఊళ్లో సర్వీస్ ఉందా, లేక పక్క జిల్లాకి మోసుకెళ్లాలా? విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? ఎక్స్‌టెండెడ్ వారంటీకి డబ్బు కడితే, అది ఇస్తున్నది కంపెనీయా, దుకాణమా, మరో బీమా సంస్థా? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు చెప్పలేని దుకాణంలో 40 వేలు పెట్టడం దేనికి?

యూరప్ దేశాల్లో 2021 మార్చి నుంచి ఒక నిబంధన ఉంది. మానిటర్లు, టీవీలు తయారుచేసేవాళ్లు ఆ మోడల్‌లో ఆఖరిది మార్కెట్లోకి వదిలాక కూడా కనీసం 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కానీ పోర్టల్‌లో సమాచారం పెడితే చాలదు. విడిభాగాలు ఇన్నేళ్లు ఇచ్చి తీరాలని ఇక్కడా గట్టి నిబంధన ఉండాలి. బాగుపడే వస్తువుని "కొత్తది కొనుక్కోండి" అని తోసేస్తే పోయేది మన డబ్బొక్కటే కాదు. పాత మానిటర్లలో కొన్నింటి వెలుగు గొట్టాల్లో పాదరసం ఉంటుంది. అది చెత్తకుప్పలోకి, అక్కణ్ణుంచి మట్టిలోకి, నీళ్లలోకి పోతుంది.

నలుగురం అడగడం మొదలుపెడితే దుకాణంవాడు కంపెనీని అడుగుతాడు, కంపెనీ జవాబు వెతుక్కుంటుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మరి కంపెనీ పెడుతుందా?