ఆకులు కాల్చి సీసాలు కొనుక్కునే తెలివి మనకెందుకు?

కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. మా బడి చదువంతా తమిళంలోనే గనక రాతలో ఎక్కడైనా తమిళం తొంగిచూస్తే సర్దుకోండి.

మాసి, పంగుని నెలలొస్తే కోయంబత్తూరులో వేపచెట్టు, కానుగచెట్టు ఆకు రాలుస్తాయి. మన హాలు వెనకా అంతే. పొద్దున్నే ఊడ్చి కుప్ప వేసి అగ్గి పెడతారు. ఆ పొగకి పక్క వీధిలో ఉబ్బసం ఉన్న పెద్దావిడ కిటికీలు మూసుకుని కూర్చుంటుంది. అదే వారంలో అదే మనుషులు మన గ్రూపులో ఫోటో పెడతారు: "మాడి మీద గోంగూర పచ్చబడింది, ఏం మందు కొట్టాలి?" గంటలో పది జవాబులు. ఒకాయన యూరియా అంటాడు, ఒకామె ఎప్సమ్ ఉప్పు అంటుంది, ఇంకొకరు ఐదొందల సీసా ఫోటో పెడతారు. తొట్టిలో మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా అని ఒక్కరంటే ఒక్కరూ అడగరు!

పార్సిల్ ఆఫీసులో లేబుల్ చూడకుండా మూట ఏ బండిలో పడితే ఆ బండిలో ఎక్కిస్తే ఎలా ఉంటుంది? మన మందుల సలహాలూ అలాగే ఉన్నాయి. "పచ్చబడింది" అన్న మాటలోనే సగం తికమక ఉంది. మనకు పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకు రంగూ అవుతుంది. ఏ ఆకు, పాతదా కొత్తదా, ఈనెల సంగతేమిటి, అది చెప్పాలి.

కింది ముదురు ఆకులు మొత్తంగా పసుపు తిరిగి రాలుతుంటే సాధారణంగా నత్రజని తక్కువైనట్టు. మొక్క పాత ఆకులోంచి లాక్కుని కొత్త చిగురుకు పెడుతుంది, ఇంట్లో తల్లి చేసే పనే. ముదురు ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం సంగతి చూడాలి, ఎప్సమ్ ఉప్పు పనికొచ్చేది అక్కడే. పైన కొత్త చిగురులో ఈనెలు మిగిలి తక్కినదంతా పాలిపోతే ఇనుము అందడం లేదు. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో ఇది ఎక్కువ. తొట్టి అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది చూడండి, ఆ నీళ్ళ సున్నం మట్టిలో ఉన్న ఇనుమును కూడా వేరుకు అందనివ్వదు. సిరువాణి నీళ్ళో వాననీళ్ళో పోసే ఇంట్లో ఈ గోల తక్కువ. బెండ, గోంగూర ఆకుల్లో ఈనెలే పసుపు వలలా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి ఏ సీసా లేదు, పీకి పారేయాల్సిందే. మట్టి తడిగా ఉండగానే మొక్క వాలిపోతే వేరు ఊపిరాడక కుళ్ళుతోంది. అక్కడ ఇంకో చెంబు నీళ్ళు పోయడం ఉపకారం కాదు.

ఇన్ని రకాల పసుపుకి ఒకే సీసా అమ్మేవాడి తెలివి తెలివే. కొనేవాళ్ళ సంగతి మేము చెప్పం.

ఇక మూడాక్కు. పాలేకర్ గారి పద్ధతి పాటించేవాళ్ళు ఆచ్ఛాదన అంటారు. తమిళనాట నమ్మాళ్వార్ అయ్య 2013లో పోయేదాకా ఊరూరా తిరిగి చెప్పిన మాట ఇదే: మట్టిని ఎండకు వదలొద్దు, కప్పండి. మనం కప్పే సరుకును కాల్చేసి, కొబ్బరి పొట్టు ఇటుకలు డబ్బు పోసి తెస్తున్నాం. పొల్లాచ్చి పక్కనే ఉంది కాబట్టి పొట్టు మంచిదే అనుకుంటారు. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వేస్తే ఆకు అంచులు మాడతాయి. దాంట్లో కార్బన్ ఎక్కువ, నత్రజని బహు తక్కువ. మట్టిలో కలిపితే అది కుళ్ళడానికి మొక్క నోటి దగ్గరి నత్రజనే లాగేసుకుంటుంది. మన ఊరి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్లూరోటస్ అనే పుట్టగొడుగు శిలీంధ్రంతో కుళ్ళబెట్టి వాడమని ఎప్పట్నుంచో చెప్తున్నారు. రంపపు పొట్టు సంగతీ అంతే: పైన పలచగా పరిస్తే పెద్ద బాధ లేదు, లోపల కలిపితేనే తంటా.

మా ఓటు ఎండుటాకుకే. వేప, కానుగ ఆకులు చేత్తో నలిపి, తొట్టిలో రెండంగుళాల మందం పరచండి, కాండానికి తగలకుండా చుట్టూ నాలుగు వేళ్ళ జాగా వదలండి. వేరుశనగ తొక్క, చెరకు ఆకు కూడా భేషుగ్గా పనికొస్తాయి. తైలం చెట్టు ఆకు వద్దు, అది చిన్న మొక్కల్ని ఎదగనివ్వదు. రోగమొచ్చిన మొక్క ఆకు అసలే వద్దు. నల్ల ప్లాస్టిక్ షీటు చిత్తిరై ఎండలో మాడి మీద వేసేవాళ్ళు వేరుని ఉడకబెట్టుకోవడానికి సిద్ధపడాలి. ఐప్పసి, కార్తిగై వానల్లో మాత్రం ఈ పరుపును సగం తీసేయండి, లేకపోతే నత్తలకి మనమే ఇల్లు కట్టించినట్టు.

అడ్డం చెప్పేవాళ్ళు ఉన్నారని తెలుసు. ఆకులు పోస్తే దోమలొస్తాయట. దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్ళలో, అంటే తొట్టి కింద పెట్టే పళ్ళెంలో. ముందు అది పారబోయండి. పాములొస్తాయట. మూడో అంతస్తు మాడికా? నేల మీద పెరడుంటే గోడకూ గడపకూ ఆనించకుండా పలచగా వేయండి, చెదలకీ అదే కట్టడి.

కాల్చడం మన తాతల కాలం నుంచి ఉందనే వాదన ఒకటుంది. తాతలు పెంటకుప్పలో వేసి ఎరువు చేశారు, గుర్తు చేసుకోండి. 2018 భోగి పొగకి చెన్నైలో విమానాలే దిగలేక దారి మళ్ళాయి. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఆ జరిమానా పడితే కట్టాల్సింది సంఘం పద్దులోంచి, అంటే మనందరి చందాలోంచి.

కమిటీవాళ్ళకి మేము అడిగేది ఒకటే. హాలు వెనక అగ్గిపెట్టె పని ఈ వారంతో ఆపించండి. ఆకులన్నీ ఖాళీ బియ్యం గోనెల్లో నింపి మెట్ల కింద పెట్టించండి. ఆదివారం పొద్దున ఏడు గంటలకి మేము నలుగురం అక్కడే ఉంటాం. మాడి తోట ఉన్నవాళ్ళు గోనె తీసుకుపోండి, డబ్బక్కర్లేదు. పసుపు తిరిగిన ఆకు ఉంటే రెండు కోసి తీసుకురండి, ఒకటి కిందిది, ఒకటి చిగురు. మందు పేరు అడక్కుండా ముందు ఆ రెండూ చూద్దాం.