దాచవలసిన పేరు

మంత్రగుప్తి లేనిదే రాజ్యం నిలవదని కౌటిల్యుని కాలం నుండి రాజనీతిజ్ఞులు చెబుతూనే ఉన్నారు. సేనల కదలికలను, సరిహద్దు వ్యూహాలను దాచడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే 1923లో ఆంగ్లపాలకులు చేసిన అధికార రహస్యాల చట్టం అంతటితో ఆగలేదు. రహస్యమంటే ఏమిటో నిర్వచించకుండానే దానిని వెల్లడించడం నేరమన్నది. స్వాతంత్ర్యం వచ్చింది కాని ఆ చట్టం పోలేదు. ప్రజాప్రయోజనం అధికమైనచోట అటువంటి సమాచారాన్ని కూడా ఇవ్వవచ్చునని 2005 నాటి సమాచార హక్కు చట్టం దాని పట్టును కొంత సడలించింది.

కాని, ఒక దస్త్రాన్ని అడగాలంటే అది ఉన్నదని ముందు తెలియాలి కదా! అది తెలిసినవాడు లోపలి ఉద్యోగి.

సత్యేంద్ర దూబే అటువంటి ఉద్యోగి. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఈ ఇంజనీరు స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలోని అక్రమాలను వివరిస్తూ 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు గోప్యంగా ఉంచవలసిందిగా కోరారు. ఆ లేఖ పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్యకు గురయ్యారు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని దర్యాప్తు తేల్చింది. అయినంత మాత్రాన, వేల దస్త్రాలను దాచగలిగిన యంత్రాంగం ఒక్క మనిషి పేరును దాచలేకపోయిందన్న నింద తొలగిపోదు.

అక్రమాలను వెల్లడించేవారి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. దానిని అమలులోకి తెచ్చే ప్రకటన నేటికీ వెలువడలేదు. 1923 నాటి చట్టానికి అటువంటి ఆటంకమేదీ లేదు.