ముందు ఆ పిల్లకి కుర్చీ వెయ్యండి

"మేం తిట్లు తిని నేర్చుకున్నాం, వీళ్ళకి మాత్రం బుజ్జగింపులా?" అనే పెద్దమనిషి కంకిపాడు నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా ఏ ఆఫీసుకెళ్ళినా ఒకడు తగులుతాడు. ఇది ఆయన కోసమే రాస్తున్నాను. చదివి ఆయనకి కోపం రావాలి.

అయ్యా, తిట్లు మీకేమీ నేర్పలేదు. తిట్టేవాడు ఇంటికెళ్ళాక, ఎవరో ఒక ముసలి గుమాస్తా లెడ్జరు తెరిచి ఓపిగ్గా చూపించాడు. మీరు ఆ గుమాస్తా పేరు మర్చిపోయి, తిట్టినవాడి పేరు చెప్పుకుని మీసం తిప్పుతున్నారు. మీతోపాటే చేరి, ఆ నోటి దురుసు భరించలేక మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళొచ్చి ఎదురు సాక్ష్యం చెప్పరు కాబట్టి మీ మాటే వేదమై కూర్చుంది.

ఇంటర్న్‌షిప్ ఇప్పుడు ఇష్టమైతే చేసేది కాదు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో ఒక సెమిస్టరు మొత్తం పనిచోటే గడవాలి. ఆలోచన మంచిదే. మరి తోట్లవల్లూరు నుంచో పామర్రు నుంచో బస్సెక్కి వచ్చే కౌలురైతు కూతురికి ఆ 10 నెలల్లో ఏం దక్కుతోంది? "ఎక్కడో ఒకచోట మీరే చూసుకోండమ్మా" అని కాలేజీ చేతులు దులుపుకుంటుంది. "సరే, రా" అని ఆఫీసు తలుపు పక్కన నిలబెడుతుంది. జెరాక్సులు తీయించి, టీలు తెప్పించి, బ్యాంకుకి తిప్పి, ఆఖర్న ఒక సంతకం గీకి పంపిస్తుంది. ఇంకా సిగ్గుమాలినవాళ్ళు అసలు రానే వద్దంటారు: డబ్బు కట్టు, సర్టిఫికెట్ పట్టుకెళ్ళు. ఈ సంగతి కాలేజీకి తెలుసు. తల్లిదండ్రులకి తెలుసు. మీకూ తెలుసు. అందరూ కలిసి ఒక పిల్ల జీవితంలోంచి 10 నెలలు కాజేసి, దానికి మార్కులు కూడా వేస్తున్నారు.

ఇది దొంగతనం. ఇంకో పేరు పెట్టను.

మనిషిని మనిషిగా చూసే పనిచోటు ఏమిస్తుందో చెప్తాను, వినండి. ఆడిటరు ఆఫీసులో బీకాం అమ్మాయి చేరిందనుకోండి. విజయవాడ వ్యాపారి ఖమ్మం కొట్టుకి సరుకు పంపిన బిల్లు ఆమె ముందుంది. రాష్ట్రం దాటిన సరుకు, ఐజీఎస్టీ పడాలి. ఆమె అలవాటుకొద్దీ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కింద ఎక్కించింది. అడగటానికి భయం లేని ఆఫీసైతే, "అన్నా, ఇది ఒకసారి చూస్తావా?" అంటుంది. ఆ అన్న రెండు మాటల్లో చెప్తాడు. సరుకు ఎక్కడికి చేరుతుందో దాన్నిబట్టి పన్ను మారుతుందన్న సంగతి ఆమె ఇక జన్మలో మర్చిపోదు. "ఈమాత్రం తెలీకుండా ఏం చదివావ్?" అని పదిమందిలో అరిచే ఆఫీసైతే నోరు మూసుకుంటుంది. రిటర్ను వెళ్ళిపోతుంది. తర్వాత సరైన పన్ను మళ్ళీ కట్టి, తప్పుగా కట్టినదాని వాపసు కోసం అర్జీ పెట్టుకుని తిరిగేది ఆ వ్యాపారి. మీరు అరిచినందుకు జరిమానా మీ క్లయింటు కడుతున్నాడు!

డాక్టరు కొడుక్కి, ఆడిటరు కూతురికి ఇవన్నీ ఇంట్లో భోజనాల దగ్గరే వచ్చేస్తాయి. ఫోనులో క్లయింటుతో ఎలా మాట్లాడాలో, "నాకు తెలియదు, కనుక్కుని చెప్తానండీ" అని తలెత్తుకుని ఎలా అనాలో, ఈ పని తనకి పడుతుందో లేదో, అన్నీ. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లకి అవి దొరికేది ఒక్క పనిచోటే. రేపు ఉద్యోగానికి వెళ్తే "ఈ అమ్మాయి పని నాకు తెలుసు" అని చెప్పే మనిషి దొరికేదీ అక్కడే. అక్కడ కూడా మీరు తలుపు వేసేస్తే, ఆమె ఇంకెక్కడికి పోవాలి?

ఇదంతా నా మెత్తదనం అనుకునేవాళ్ళకి ఒక పరిశోధన చూపిస్తాను. హార్వర్డ్ ఆచార్యురాలు అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద చేసిన అధ్యయనం 1996లో అచ్చయింది. బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకున్నారు. లెక్క చూస్తే ఎక్కువ కనిపించాయి. తవ్వితే తేలిందేమిటంటే, ఆ వార్డుల్లో నర్సులు పొరపాటుని భయం లేకుండా బయటికి చెప్తున్నారు. మిగతాచోట్ల దాచేస్తున్నారు. "మా ఆఫీసులో తప్పులే జరగవు" అని జబ్బలు చరుచుకునే యజమానులారా, తప్పులు జరగటం లేదా, మీదాకా రావటం లేదా?

ఇక అసలు సంగతి. ఈ పెద్దమనుషుల్లో చాలామంది కొడుకులు అమెరికాలో ఉన్నారు. "మావాడు సియాటిల్లో వేసవి ఇంటర్న్‌షిప్ చేశాడండీ. మొదటిరోజే లాప్‌టాప్ ఇచ్చారు. పని నేర్పటానికి ఒక సీనియర్‌ని పెట్టారు. మేనేజర్ని కూడా పేరు పెట్టే పిలవమన్నారు" అని పెళ్ళి భోజనాల్లో వీళ్ళు చెప్తుంటే విననివాళ్ళెవరు? కొడుక్కి దక్కిన మర్యాదని ఊరంతా చాటుకున్న ఆ నోటితోనే, మర్నాడు ఆఫీసుకొచ్చి ఎవరి కూతుర్నో "ఏయ్, ఇట్రా" అంటారు. మూడో నెలకి కూడా ఆ పిల్ల పేరు తెలియదు. బస్సు ఛార్జీలైనా ఇవ్వరు. కొడుక్కి మేలు చేసింది ఈ పిల్లని ఎలా చెడగొడుతుంది? జవాబు చెప్పండి. "ఆ దేశం వేరు" అనకండి. అక్కడ మీవాడికి అంత ఓపిగ్గా నేర్పిన సీనియరు మన గుడివాడవాడో, గన్నవరంవాడో అయినా ఆశ్చర్యం లేదు.

"ఆటోనగర్‌లో పానా దెబ్బలు తిని మేస్త్రీలు కాలేదా?" అని ఇంకో వాదన. మీ క్రూరత్వానికి ఆటోనగర్‌ని అడ్డం పెట్టుకోకండి. పని నేర్పిన మేస్త్రీ కుర్రాణ్ణి తనతోపాటు లారీ కిందకి పాకించాడు. గేరుబాక్సు విప్పించాడు, బిగించేదాకా పక్కనే ఉన్నాడు. ఇంజను మీద చెయ్యి వెయ్యనిచ్చాడు. మీరు కంప్యూటరు మీదైనా వెయ్యనిచ్చారా?

"ఈ తరానికి ఒళ్ళొంగదు" అని కూడా అంటారు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో మొదలైంది. అప్పుడు నెలకి 5,000 రూపాయలు, ఏడాదిపాటు. తొలి విడతలో 82 వేలకి పైగా ఆఫర్లు వెళ్తే, చేరింది 8,700 మంది. అంతే, పిల్లల మీద బద్ధకం ముద్ర కొట్టేశారు. ఊరుకాని ఊళ్ళో ఆ 5,000తో అద్దె కట్టుకుని, తిని, బతికి చూపించండి. అప్పుడు ఆ ముద్ర నేనే కొడతాను.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ట్రైనీని, అప్రెంటిస్‌ని, జీతం లేకుండా పనిచేసేవాళ్ళని కూడా ఉద్యోగుల్లోనే కలిపింది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. మీ గోడమీద ఆ వివరాలున్నాయా? చేరినరోజే ఆ పిల్లకి చూపించారా? "మా దగ్గర అలాంటివి జరగవండీ" అనేవాడినే నేను ముందు అనుమానిస్తాను.

కాలేజీ యాజమాన్యాల్లారా, బందరు రోడ్డు పొడుగునా ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలు కడతారు కదా. ఈ ఏడాది మీ పిల్లలు ఏ ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్ చేశారో, అక్కడ వాళ్ళకి పని నేర్పిందెవరో, పిల్లలేమన్నారో, వాళ్ళ పేర్లు దాచిపెట్టి, ఆ ఫ్లెక్సీ పక్కనే ఇంకోటి కట్టండి. టీలు తెప్పించిన ఆఫీసుకి మళ్ళీ ఒక్క పిల్లని కూడా పంపకండి. మీకు ఆ దమ్ము లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఆ జాబితా తల్లిదండ్రులే రాసి మీ గేటుకి అంటిస్తారు.