నోవా, డ్వార్ఫ్ నోవా: గీత ఎక్కడ గీయాలి?

రాయ్‌పూర్ మోవాలో గది తీసుకుని చదివినా, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో చదివినా సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సులో ఒకే పట్టిక కనిపిస్తుంది. ఒక గడిలో డ్వార్ఫ్ నోవా, పక్క గడిలో క్లాసికల్ నోవా. ఈ రెండూ వేర్వేరు రకాల నక్షత్రాలన్నట్టు బట్టీ పడతాం. నా అభిప్రాయంలో అక్కడే పొరపాటు ఉంది. అవి రెండు రకాల విస్ఫోటాలు. నక్షత్రం మాత్రం ఒకటే కావచ్చు.

ముందు బేసిక్స్ చూద్దాం. రెండింటికీ మూలం జంట నక్షత్రమే. శ్వేత కుబ్జ నక్షత్రం తన తోడు నక్షత్రం నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఆ వాయువు దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతుంది. ఆ పళ్లెం వేడెక్కి, వాయువు ఒక్కసారిగా లోపలికి జారితే వెలుగు సుమారు వంద రెట్ల వరకు పెరుగుతుంది. అది డ్వార్ఫ్ నోవా. కొన్ని వారాలు, నెలలకోసారి మళ్లీ వస్తుంది. ఉపరితలంపై పేరుకున్న హైడ్రోజన్ పొరలో కేంద్రక సంలీనం అదుపు తప్పితే వెలుగు వేల నుంచి లక్షల రెట్లు పెరుగుతుంది. అది క్లాసికల్ నోవా. రెండింటిలోనూ నక్షత్రం నాశనం కాదు. ప్రిలిమ్స్ స్టేట్‌మెంట్లలో మోసపోయేది ఇక్కడే.

ఇక ఆధారాలు. 1437 మార్చి 11న కొరియా ఖగోళజ్ఞులు వృశ్చిక రాశిలో ఒక కొత్త నక్షత్రాన్ని చూసి నమోదు చేశారు. అది 14 రోజులు కనిపించింది. మైకేల్ షారా బృందం ఆ నక్షత్రాన్ని గుర్తించి 2017లో ప్రకటించింది. పాత ఫొటో ప్లేట్లలో అదే నక్షత్రం 1934, 1935, 1942లలో డ్వార్ఫ్ నోవాగా వెలిగినట్టు తేలింది. 1901లో నోవాగా పేలిన జీకే పెర్సీ కూడా తర్వాతి దశాబ్దాల్లో డ్వార్ఫ్ నోవా లాంటి విస్ఫోటాలు చూపింది. వరుస తిరగబడిన ఉదాహరణా ఉంది. 2009లో సెంటారస్ రాశిలో పేలిన నోవా, అంతకుముందు చిన్న విస్ఫోటాలు చూపినట్టు చిలీలోని ఓగిల్ సర్వే రికార్డుల్లో ఉంది.

అయితే జాగ్రత్త. నోవా తర్వాత వాయు ప్రవాహం క్రమంగా తగ్గి, జంట కొంతకాలం నిద్రాణంగా ఉంటుందన్నది 1986 నాటి 'హైబర్నేషన్' సిద్ధాంతం. పై ఉదాహరణలు దానికి బలమిస్తున్నాయి. కానీ ప్రతి నోవా అలాగే నడుస్తుందని రుజువు కాలేదు. చక్రం పూర్తి కావడానికి వేల ఏళ్లు పడుతుంది. మన పరిశీలనలు కొన్ని శతాబ్దాలవే. మెయిన్స్‌లో 'నిరూపితమైంది' అని రాయకండి, 'ఆధారాలు సూచిస్తున్నాయి' అని రాయండి.

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ గురించి రాసేటప్పుడు కూడా ఇది ఉపయోగపడుతుంది. అతినీలలోహిత, ఎక్స్-రే పరికరాలు ఎందుకు అని అడిగితే, ఇలాంటి వేడి జంటలను ఉదాహరణగా ఇవ్వవచ్చు.

ఈ రోజే మీ పట్టిక తీయండి. శీర్షికలో 'నక్షత్ర రకం' అని ఉంటే కొట్టేసి 'విస్ఫోట రకం' అని రాయండి. పక్కన 1437 అని వేసుకోండి.