కేసుకో గట్టు

మన సంచికలో ప్రేమ, నిరుద్యోగం, హాస్టలు సాంబారు, ఈ మూడింటి మీద రచనలకు ఏ యేడూ కొరత వుండదు. నేను సి భాషలోని స్విచ్ గురించి రాస్తానంటే గదిలో వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, ల్యాబులో ప్రతి బ్యాచీ తగులుకునే ఒక తప్పుంది. దానికి మందు చెప్పేవాళ్లే తప్ప జబ్బు ఏమిటో చెప్పేవాళ్లు లేరు. నా బాధ అదీ.

సంక్రాంతి సెలవుల ముందు ఇంటి లెక్క కోసం చిన్న ప్రోగ్రాము రాశాను. ఒకటి నొక్కితే వడ్లు, రెండు నొక్కితే మొక్కజొన్న. బస్తాలు, తూకం, ధర ఇస్తే చేతికొచ్చే సొమ్ము చెబుతుంది. బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తారు గనుక, కేస్ 1 కింద మొదటి వరుసలోనే ‘ఇంట్ తరుగు = 2’ అని పెట్టాను. ల్యాబులోని పాత కంపైలరు అడ్డం తిరిగింది. లేబుల్ తర్వాత స్టేట్‌మెంటు రావాలట, డిక్లరేషన్ స్టేట్‌మెంటు కాదట. సీనియర్ అన్న ఒకాయన్ని అడిగితే, “కోలన్ పక్కన ఉత్త సెమికోలన్ ఒకటి పడెయ్, నోరు మూస్తుంది” అన్నాడు. పడేశాను. మూసింది. ఉత్త సెమికోలన్ కూడా సి లెక్కలో ఒక స్టేట్‌మెంటే మరి!

ఇంటికెళ్లి నాన్నకు చూపించాను. వడ్ల లెక్క సరిపోయింది. మొక్కజొన్న లెక్క చూసి ఆయన నోటితోనే గుణించుకుని, “తరుగు తియ్యకుండా కొనే షావుకారు ఎక్కడ దొరికాడ్రా నీకు? బండి అక్కడికే తోలదాం” అన్నాడు. కేస్ 2లోనూ నేను ఆ తరుగునే వాడాను. ఏ తప్పూ చూపకుండా ప్రోగ్రాము నడిచింది, తరుగు మాత్రం సున్నా అయింది. సెలవులయ్యాక అదే ప్రోగ్రాము కాలేజీ మిషను మీద నడిపితే సొమ్ము మైనస్‌లో వచ్చింది!

జరిగిందేమిటంటే, స్విచ్ మొత్తానికీ ఒకటే జత ఫ్లవర్ బ్రాకెట్లు, అంటే ఒకటే బ్లాకు. కేస్ 1లో ప్రకటించిన పేరు ఆ బ్లాకు చివరిదాకా చెల్లుతుంది. కాబట్టి కేస్ 2కు ‘తరుగు’ అనే పేరు తెలుసు. కానీ దానిలో 2 అనే విలువ పడాలంటే ఆ వరుస మీదుగా నడవాలి. స్విచ్ నడవదు, నేరుగా కేస్ 2కు దూకుతుంది. పాసుపుస్తకంలో పేరెక్కింది, పొలంలో విత్తనం పడలేదు. కోతకు వెళితే అంతకుముందు అక్కడ ఏ గడ్డి వుందో అదే చేతికొస్తుంది.

కేసులు గదులని మనం అనుకుంటాం. కావు, గోటూ లేబుళ్ల వంటి గుర్తులు మాత్రమే. బ్రేక్ మరిస్తే కింది కేసులోకి జారిపోవడం కూడా, మడికీ మడికీ మధ్య గట్టు లేక నీళ్లు దిగిపోయినట్టు, అందువల్లనే. 1983లో టామ్ డఫ్ అనే ఆయన ఈ గుణాన్నే వాడుకుని, కేస్ గుర్తుల్ని ఒక లూపు నడిమధ్యలో నాటి, డేటా వేగంగా కాపీ చేసే ఉపాయం కనిపెట్టాడు. తెలిసినవాడికి అది విద్య, తెలియనివాడికి గండం.

సి ప్లస్ ప్లస్ అయితే ఇలా విలువ పెట్టే వరుసను దాటి దూకడాన్ని తప్పు కిందే లెక్కగట్టి ఆపేస్తుంది. సి ఆపదు, అంతా మన మీద వదిలేస్తుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు సి ప్లస్ ప్లస్‌కే. పైగా 2024లో వెలువడిన సి23 ప్రమాణం లేబుల్ తర్వాత డిక్లరేషన్‌ను నేరుగా అనుమతించింది. ఇక ఆ సెమికోలన్ కూడా అక్కర్లేదు. పాత నిబంధన మనల్ని కాపాడటానికి పెట్టింది కాకపోయినా, కాస్త ఆగి ఆలోచించమనేది. ఇకముందు జూనియర్లకు ఆ ఆగడం కూడా వుండదు.

క్లాసులో చెప్పే మందు, అన్నీ మెయిన్ మొదట్లో ప్రకటించమని. జబ్బు పోతుంది, నిజమే. కానీ ఒక కేసుకే చెందిన పేరు ప్రోగ్రామంతా తిరుగుతుంది. కేసుకు సొంతంగా ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లు కట్టి, లోపల ప్రకటించుకోవడం మేలంటాను. పేరు ఆ గట్టు దాటదు. అప్పుడు కేస్ 2లో ‘తరుగు’ అంటే, అలాంటి పేరే లేదని కంపైలరు మొహం మీదే చెప్పేది. నాన్న దాకా వచ్చేది కాదు.

అధ్యాపకులు మన్నించాలి, నాదొక విన్నపం. మన రికార్డుల్లో అన్నీ ఒప్పు ప్రోగ్రాములే, అవి కూడా సీనియర్ల రికార్డుల నుంచి దిగినవే. ల్యాబులో ఒక్క పీరియడు ఈ తప్పు ప్రోగ్రామును నడిపించి, దానిలో ‘తరుగు’ ఏమైందో మమ్మల్నే వెతకమనండి. నేనైతే ఈసారి రికార్డులో దాన్నే రాశాను, ఎడమ పేజీలో తప్పు, కుడి పేజీలో కారణం. సంతకం ఇంకా పడలేదు.