తలుపు పక్క కుర్చీ



మన బరంపురం ఉగాది సభల్లో ముందు వరుసలో కూర్చుని, పిల్లలు పద్యం తప్పు చదివితే అక్కడికక్కడే దిద్దే మాస్టారు ఒకరున్నారు. మూడేళ్ల కిందట ఆయన తలుపు పక్క కుర్చీకి మారారు. ఈ ఉగాదికి అసలు రాలేదు. పార్కిన్సన్స్ కదా, చేతుల వణుకు చూసి మొహమాటపడుతున్నారేమో అనుకున్నాం. ఇంటికి వెళ్తే వాళ్లావిడ చెప్పారు: "వణుకు కాదు బాబూ. ఒంటికి వస్తే ఆగదు. మన హాల్లో బాత్‌రూముకి మెట్లు దిగి వెనక్కి వెళ్లాలి. అంతలోనే బట్టలు తడిసిపోతే?"

సిగ్గుపడాల్సింది ఆయన కాదు, మనం.

వణుకు అందరికీ కనిపిస్తుంది, ఇది కనిపించదు. మూత్రాశయం నిండేదాకా దాని కండరాన్ని ముడుచుకోకుండా మెదడు ఆపి ఉంచుతుంది. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తగ్గి ఆ అదుపు సడలుతుంది. కొద్దిగా నిండగానే కండరం బిగుస్తుంది. అందుకే ఉన్నట్టుండి తొందర, రాత్రి పదేపదే లేవడం. అటు మూత్రం ఆగదు, ఇటు కాళ్లు కదలవు. చీకట్లో పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే.

మన ఇళ్లల్లో రెండు పొరపాట్లు చేస్తున్నాం. వయసు మీద పడిందిలే అని వదిలేయడం ఒకటి, నీళ్లు మాన్పించడం రెండోది. నీళ్లు తగ్గితే మలబద్ధకం పెరిగి మూత్రం ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది. పగలు సరిపడా తాగి, సాయంత్రం నుంచి కాఫీ, టీలు తగ్గించడం మేలు. డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఇన్ఫెక్షన్ కావచ్చు, మగవాళ్లకు ప్రోస్టేట్ కావచ్చు, పరీక్షల్లో తేలుతుంది. మందులున్నాయి. కానీ వాటిలో కొన్ని పెద్దవాళ్లకు మతిమరుపు, తికమక పెంచుతాయి. ఇంకొకరి చీటీ చూసి కొనకండి.

ఇక సంఘం మాట. మిగిలిన నిధితో వేదికకు కొత్త అలంకరణ చేయిద్దామంటున్నారు. మేం ఒప్పుకోం. ముందు హాలు పక్కనే మెట్లు లేకుండా, పట్టుకోవడానికి కడ్డీతో ఒక బాత్‌రూము కట్టిద్దాం. ఒక్కరి కోసమా అంటారేమో. మోకాళ్ల నొప్పులవాళ్లు, షుగరువాళ్లు, నిండు గర్భిణులు మన సభలకు రావడం లేదా?

మన పిల్లలు బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. వాళ్ల తెలుగు పద్యం దిద్దేవాళ్లు ఇంకెందరున్నారు? వచ్చే ఉగాదికి మాస్టారు మళ్లీ ముందు వరుసలో కూర్చోవాలి.