బొగ్గు లెక్క గేటు మీద, నీళ్ల లెక్క ఎక్కడ?

గోదావరి పక్కనే ఉండగా భూగర్భ జలాల గురించి బెంగెందుకని మా గోదావరిఖనిలో చాలామంది తేలిగ్గా అంటారు. సర్వీసంతా బొగ్గుబాయిలో పంపు ఆపరేటర్‌గా చేసి దిగిపోయిన నేను ఆ మాట అనలేను.

బొగ్గు తవ్వాలంటే ముందు నీళ్లు తోడాలి. ఇక్కడి బొగ్గు పొరలకు పైనా కిందా ఉన్నది గోండ్వానా ఇసుకరాయి. వాననీళ్లు ఇంకి ఆ రాతిలో నిలుస్తాయి. దాన్ని తొలిస్తే పైకప్పు నుంచి చుక్కలుగా, పగుళ్లలోంచి ధారలుగా దిగి గని పల్లంలో, అంటే డిప్పులోని సంపుకు చేరతాయి. అక్కడి నుంచి ఒక పంపు పై సంపుకు, అది ఇంకో సంపుకు ఎక్కిస్తే చివరికి బయట కాలువలో పడతాయి. ఫుట్‌వాల్వుకు చెత్త అడ్డం పడి పంపు గాలి పీలిస్తే, ఎవరూ చెప్పకముందే చప్పుడును బట్టి మాకు తెలిసిపోయేది. ఆదివారమైనా, దసరా అయినా పంపుకు సెలవు లేదు. 2011లో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగింది గానీ పంపులు ఆగలేదు. ఆగితే బాయి మునుగుతుంది.

బాయిలో నీళ్లంటే ప్రాణభయం. 2003 జూన్ 16న ఇక్కడి జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు ఈ ఊరు ఎట్లుండెనో చూసినవాళ్లెవరూ మరిచిపోరు. అందుకే నీళ్లను ఎంత తొందరగా బయటికి గెంటితే అంత మంచిదనే ఆలోచన బాయి మనుషుల్లో పాతుకుపోయింది. లోపలి సంగతికి అది సరైనదే. బయట పడ్డాక అవి ఏ వాగులో కలుస్తున్నాయో, ఏ ఊరికి అక్కరకొస్తున్నాయో చూడడం మాత్రం ఎవరి డ్యూటీ చార్టులోనూ ఉన్నట్టు కనబడదు.

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనులతో ఈ సంగతి మరీ పెద్దదైంది. ఓపెన్‌కాస్టు గొయ్యి చుట్టుపక్కల ఊళ్ల బావులన్నిటికన్నా లోతైన బావి. రాత్రింబవళ్లు తోడుతుంటే చుట్టూ భూమిలోని నీరు అటే వాలుతుంది. రైతు బోరు ఇంకో వంద అడుగులు దింపుతాడు. పక్క రైతు ఇంకొంచెం లోతుకు పోతాడు. ఆ బోర్లకు చేసిన అప్పులు బొగ్గు ధరలో కలవవు. మరోపక్క గొయ్యిలోంచి తీసి పోసిన మట్టి గుట్టల మీద వాన పడితే ఒండ్రంతా దిగి కుంటల్లో చేరుతుంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రమంతా చెరువుల్లో పూడిక తీశాం. గుట్టల కింది చెరువుల్లో మళ్లీ పూడిక పడితే ఆ ఖర్చుకు అర్థమేమిటి?

గోదావరి ఉంది కదా అంటారా? ఎల్లంపల్లి రిజర్వాయర్ సామర్థ్యం 20 టీఎంసీలు. ఆ నీళ్లు ఎన్టీపీసీకి కావాలి, ముర్మూరు పంపుల మీదుగా హైదరాబాద్‌కు కావాలి, ఆయకట్టుకు కావాలి. సుందిళ్ల బ్యారేజీలో నీళ్లు నిలిచినన్నాళ్లు ఒడ్డు ఊళ్లకు ధైర్యం వచ్చింది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ కుంగాక సుందిళ్లనూ ఖాళీ చేశారు. నది మీద పెట్టుకున్న ధీమా ఎంతకాలం ఉంటుందో కళ్లారా చూశాం.

నది ఉందన్న ఈ నిశ్చింత దీవుల్లో ఉండేవాళ్లకు లేదు. జపాన్‌లో దక్షిణాన ఉన్న ఒకినావాలో మియాకో అనే దీవి ఉంది. చెప్పుకోదగ్గ నది లేదు. పడ్డ వాన పగడపు సున్నపురాయిలోంచి ఇంకి సముద్రంలోకి పోయేది. వాళ్లు భూమి లోపలే అడ్డుగోడలు కట్టారు. సునగావా భూగర్భ డ్యామ్ 1993లో, ఫుకుజాతో 1998లో పూర్తయ్యాయి. ఆ నీటితో చెరకు పండిస్తున్నారు. గోదావరిఖనిలో అట్లాంటి గోడలు కట్టమని నేను అనడం లేదు, ఇక్కడి నేల తీరు వేరు. నేల కింది నీటిని దాచుకున్న ఆస్తిలా చూసే బుద్ధి మాత్రం తెచ్చుకోవచ్చు.

ఈ గనులు నడిపే సింగరేణి సంస్థ ఏమీ చేయడం లేదని చెబితే అబద్ధమవుతుంది. గని నీళ్లు కొన్ని ఊళ్లకు, చెరువులకు ఇస్తున్నారు. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గొయ్యిలో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ విద్యుత్తుకు ప్రతిపాదన కూడా పెట్టారు. గొయ్యిలో నీటికి కరెంటు లెక్కన విలువ కట్టగలిగినవాళ్లకు, మడికీ మంచినీళ్లకూ విలువ కట్టడం కష్టమేమీ కాదు.

ముందు కావాల్సింది లెక్క. నేను పనిచేసిన బాయి గేటు దగ్గర టార్గెట్ ఎంత, తీసిన బొగ్గు ఎన్ని టన్నులు అని రోజూ బోర్డు మీద రాసేవాళ్లు. తోడిన నీళ్లెన్నో ఏ రోజూ రాయలేదు. రాయమనండి. ఎన్ని తోడారు, ఎన్ని వాగులో వదిలారు, ఎన్ని చెరువుకు ఇచ్చారు అన్నవి గ్రామపంచాయతీ గోడ మీద కూడా ఉండాలి. చెరువుకిచ్చే నీటిలో గట్టిదనం, ఇనుము, సల్ఫేట్ ఎంతో పరీక్షించి అదే గోడ మీద రాయాలి. ఖర్చుకు వెతుక్కోనక్కర్లేదు. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధిలో గని ప్రభావిత ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వడం ముందు వరసలోని పని. ఆ డబ్బు సిమెంటు పనులకు పోతుంటే ఊళ్లు గట్టిగా నిలదీయాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి గనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. గని చుట్టుపక్కల బావుల నీటిమట్టాలు ఏటా నాలుగు సార్లు కొలవడం ఆ షరతుల్లో మామూలుగా ఉండేదే. నివేదిక రహస్యమేమీ కాదు, కాకపోతే ఇంగ్లీషులో ఉంటుంది. సర్పంచులారా, కౌన్సిలర్లారా, యూనియన్ నాయకులారా, తర్వాతి నివేదిక తెలుగులో కావాలని ఇప్పుడే లెటర్ పెట్టండి. అందులోని అంకెలను మీ ఊరి బావిలో తాడు వేసి సరిచూసుకోండి.